విమానం ఎక్కడి నుంచి లేచింది?

గత వేసవి సెలవుల్లో మేం కొందరం కూర్చుని ఒక పాత పుస్తకం తిరగేశాం, ఒక పాత సినిమా చూశాం. పుస్తకం పేరు 'వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్'. ఇంగ్లండులో 1928లో అచ్చయింది. సినిమా పేరు 'ఫస్ట్ కాంటాక్ట్'. బాబ్ కానొలీ, రాబిన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్లు 1983లో తీశారు. ఈ రెంటికీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. మాక్కూడా మొదట తోచలేదు. తర్వాత చూస్తే రెండిట్లోనూ విమానం ఉంది, విమానంలోంచి కిందికి చూసిన నేల ఉంది, ఆ నేల మీద ఎవరో చేసిన చేలు ఉన్నాయి. ఒకచోట ఆ చేలకు రెండు వేల ఏళ్ల చరిత్ర రాశారు. ఇంకోచోట ఆ చేలున్న నేలనే కొత్తగా కనిపెట్టామని రాసుకున్నారు. పైనుంచి చూసిన చూపు ఒకటే అయినప్పుడు కింద రాసిన మాట ఎందుకు మారింది? ఈ వ్యాసం దాని గురించే.

పైనుంచి ఫోటో తీయడం విమానం కంటే పాతది. 1858లో నాడార్ అనే ఫోటోగ్రాఫరు పారిస్ దగ్గర బెలూన్ ఎక్కి తీశాడు. కానీ అది పెద్ద ఎత్తున సాగింది మొదటి ప్రపంచ యుద్ధంలో. శత్రువు కందకాలు ఎక్కడున్నాయో, ఫిరంగులు ఎక్కడ దాచాడో తెలుసుకోవడానికి విమానాలకు కెమెరాలు కట్టారు. అంటే ఈ విద్య బడిలో పుట్టలేదు, యుద్ధంలో పుట్టింది. ఇది గుర్తుంచుకుంటే ముందుముందు చాలా సంగతులు తేలికగా అర్థమవుతాయి.

పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్. పుట్టింది 1886లో మన బొంబాయిలోనే. యుద్ధంలో విమానంలో కూర్చుని నేలను కనిపెట్టే పని చేశాడు. 1918లో విమానం కూలితే జర్మనీ వాళ్లకు ఖైదీగా చిక్కాడు. 1920లో అక్కడి ప్రభుత్వ సర్వే శాఖలో పురావస్తు అధికారిగా చేరాడు. రెండేళ్ల తర్వాత వైమానిక దళం వాళ్లు తీసిన కొన్ని ఫోటోలు ఆయన చేతికి వచ్చాయి. హాంప్‌షైర్ ప్రాంతపు గడ్డి నేలల మీద చిన్న చిన్న నలుచదరపు గీతలు కనిపించాయి. నేల మీద నిలబడి చూస్తే ఏమీ ఉండదు, గొర్రెలు మేసే బయలు. పైనుంచి చూస్తే మడులు, గట్లు. రోమన్లు రాకముందు నుంచీ అక్కడి జనం దున్నిన చేలవి.

ఇది మంత్రం కాదు. సేద్యం చేసేవాళ్లకు చెప్తే వెంటనే అర్థమయ్యే సంగతి. చేలో ఎప్పుడో పశువుల దొడ్డి ఉన్న జాగా ఉంటుంది చూడండి, అక్కడ జొన్న మిగతా చేనుకంటే ఏపుగా, నల్లగా పెరుగుతుంది. పాత ఇంటి పునాది ఉన్నచోట పైరు గిడసబారుతుంది. అలాగే పూడిపోయిన కాలువ మీద పైరు పచ్చగా లేస్తుంది, పాతిపెట్టిన రాళ్ల మీద ముందే ఎండుతుంది. గట్టు అరిగి జానెడే మిగిలినా, పొద్దు వాలేటప్పుడు దాని నీడ పడుతుంది. పైనుంచి చూస్తే ఈ తేడాలన్నీ గీతలై కనిపిస్తాయి. నేల దేన్నీ మరచిపోదని మన ముసలోళ్లు అనే మాటకు ఇంతకంటే మంచి సాక్ష్యం మాకు దొరకలేదు.

1924లో క్రాఫర్డ్, అలెగ్జాండర్ కైలర్ కలిసి ఒక డీహెచ్9 విమానం అద్దెకు తీసుకుని, ఆండోవర్ విమానాల మైదానం నుంచి ఎగిరి, ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా ఫోటోలు తీశారు. కైలర్‌ది నారింజ మార్మలేడ్ తయారుచేసే కుటుంబం, డబ్బుకు కొదవ లేదు. ఆ ఫోటోలే ఈ పుస్తకం. చాలా మంచి పుస్తకం, ఆ మాట ముందే ఒప్పుకుంటాం. ప్రతి ఫోటో పక్కన ఇది ఏమిటి, ఎలా తెలిసింది, నేల మీదికి వెళ్లి చూస్తే ఏం కనిపించింది అని ఓపిగ్గా రాశారు. ఫోటో చూసి తీర్పు చెప్పేయకుండా నడిచి వెళ్లి సరిచూసుకోవడం వాళ్ల పద్ధతి. ఈ పద్ధతిని మళ్లీ గుర్తు చేయాల్సిన అవసరం వస్తుంది.

అయితే మాకో అనుమానం వచ్చింది. ఇంగ్లండు చరిత్ర పూర్వయుగం అనగానే ఆ ఒక్క ప్రాంతం పేరే ఎందుకు అన్నిసార్లు వినపడుతుంది? స్టోన్‌హెంజ్ అక్కడే ఉంది, నిజమే. అక్కడిది సుద్దనేల, గీతలు బాగా పడతాయి, అదీ నిజమే. కానీ మ్యాపు తీసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆండోవర్, ఓల్డ్ సేరమ్, నెదరావన్ అని అప్పటి సైన్యపు విమానాల మైదానాలన్నీ ఆ చుట్టుపక్కలే ఉండేవి. సైన్యం అక్కడ కవాతు చేసేది, పైలట్లు అక్కడే ఎగరడం నేర్చుకునేవాళ్లు, రోజూ అదే నేల మీద తిరిగేవాళ్లు. 1925 డిసెంబరులో స్టోన్‌హెంజ్ దగ్గర ఎగురుతూ ఇన్సాల్ అనే వైమానిక అధికారి ఒక వింత వలయం చూశాడు. తర్వాతి వేసవిలో గోధుమ పైరు పెరిగాక అవి గుంజలు పాతిన గుంటల వరసలని ఫోటోలో స్పష్టంగా పడింది. దానికే వుడ్‌హెంజ్ అని పేరు పెట్టారు. ఇన్సాల్ పురావస్తు పరిశోధనకు బయల్దేరలేదు, తన ఉద్యోగం మీద ఎగిరాడు.

ఆ రోజుల విమానాలకు దూరం పోయే శక్తి తక్కువ. ఎక్కడ లేచాయో ఆ చుట్టుపక్కలే తిరిగి అక్కడే దిగాలి. కాబట్టి మైదానం ఉన్నచోటి నేలకు చరిత్ర దొరికింది, లేనిచోటి నేల ఊరకే పడి ఉంది. ఫోటోలో ఏముందో చూడటం మనకు అలవాటు. ఆ ఫోటో తీసిన విమానం ఎక్కడి నుంచి లేచింది, ఆ మైదానాన్ని ఎవరు ఏ పనికి చదును చేశారు అని కూడా అడగాలని ఈ పుస్తకం దగ్గరే మాకు తట్టింది. పుస్తకం మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేదు. అది దాని లోటు.

ఇక సినిమా. దాని కథ న్యూగినీ దీవిది, ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉంటుంది. తూర్పు సగం అప్పట్లో ఆస్ట్రేలియా పాలనలో ఉండేది, ఇప్పుడు పాపువా న్యూగినీ. 1926లో అక్కడి ఈడీ క్రీక్ దగ్గర బంగారం బాగా పడిందని తెలిసి తెల్లవాళ్లు ఎగబడ్డారు. సముద్రపు ఒడ్డు నుంచి గనుల దాకా కొండలెక్కి నడవాలంటే దాదాపు వారం పట్టేది. బరువులన్నీ మోసింది అక్కడి జనమే. 1927లో లే అనేచోట విమానాల మైదానం వేశారు. అప్పట్నుంచి ఆ వారం నడక గంటలోపు ప్రయాణమైంది. తర్వాత జర్మనీ తయారీ యుంకర్స్ విమానాల్లో బంగారం తవ్వే పెద్ద పెద్ద యంత్రాలను ముక్కలుగా విప్పి బులోలో లోయకు చేర్చారు. బండిబాట కూడా లేనిచోటికి ఆకాశం మీదుగా యంత్రాలు వచ్చాయి.

దీవి నడుమ ఎత్తైన కొండలున్నాయి కదా, అక్కడ మనుషులుండరని బయటివాళ్ల నమ్మకం. బంగారం వెతికే మైకేల్ లేహీ, అతని తమ్ముడు డాన్ 1933 మార్చిలో విమానమెక్కి వాగీ లోయ మీదుగా వెళ్లారు. కింద వంకలు తిరుగుతూ నది, రెండు వైపులా చదరాలు చదరాలుగా తోటలు, కాలువలు, వరసగా ఇళ్లు. చిలగడదుంప తోటలవి. ఆ ఎత్తు నేలల్లో మొత్తం దాదాపు పది లక్షల మంది ఉన్నారని తర్వాత తేలింది. లేహీ సోదరులు, ప్రభుత్వ అధికారి జిమ్ టేలర్ మరికొందరితో కలిసి ఆ వెంటనే కాలినడకన లోయలోకి దిగారు.

ఇక్కడే మేం ఆగిపోయాం. క్రాఫర్డ్ గడ్డి కింద అరిగిపోయిన గట్లు చూసి ఇది సేద్యపు చరిత్ర అన్నాడు. వాగీ లోయలో పచ్చగా పంటతో ఉన్న తోటలు, వాటిలో పనిచేస్తున్న మనుషులు కనిపిస్తే, బయటి ప్రపంచం దాన్ని తన అన్వేషణగా రాసుకుంది. ఆ లోయలోనే మౌంట్ హేగెన్‌కు దగ్గర్లో కూక్ అనే చిత్తడి నేల ఉంది. 1970ల నుంచి అక్కడ తవ్వకాలు జరిగితే, సుమారు ఏడు వేల ఏళ్ల కిందటే మనుషులు మట్టి దిబ్బలు పోసి పంట వేసిన ఆనవాళ్లు, నాలుగు వేల ఏళ్ల కిందట నీరు పోవడానికి తవ్విన కాలువలు బయటపడ్డాయి. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే హాంప్‌షైర్ చేలకంటే వేల ఏళ్లు పాత సేద్యం. 1933లో పైనుంచి చూసినవాళ్లకు అది తెలియకపోవడం తప్పు కాదు. చూసిన మనుషులకు చరిత్ర ఉంటుందని తోచకపోవడం తప్పు.

హేగెన్ దగ్గర విమానం దిగడానికి మైదానం కావాల్సి వచ్చింది. రోడ్డు రోలరు లేదు, యంత్రం లేదు. గడ్డి కోసి, గుంటలు పూడ్చి, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను పిలిచారు. వేలమంది వచ్చారు. చేతులు చేతులు పట్టుకుని, వరసలు కట్టి, పాడుతూ ఆ నేలను కాళ్లతో తొక్కారు. మన థింసాలో, గుస్సాడీలో అడుగు ఎలా పడుతుందో తెలిసినవాళ్లకు ఆ దృశ్యం వేరే వర్ణించక్కర్లేదు. అట్లా గట్టిపడిన నేల మీదే విమానం దిగింది. ఏం దిగబోతోందో తొక్కినవాళ్లకు తెలియదు. తెలియని దానికోసం అన్ని వేల కాళ్లు ఆడటం సరదాగా ఉందా, బాధగా ఉందా అని మాలో మాకు వాదన జరిగింది. ఒక టీచరమ్మ అన్న మాట మాత్రం మిగిలింది: "విమానం దిగాక ఆ నేల మీద మళ్లీ ఆడనిచ్చారా?"

పనికి కూలి గవ్వల్లో, ముత్యపు చిప్పల్లో ఇచ్చారు. సముద్రం నుంచి చేతులు మారుతూ మారుతూ వచ్చే ఆ చిప్పకు కొండల మీద చాలా విలువ. పెళ్లికి, పెద్ద ఇచ్చిపుచ్చుకోలుకు అదే గౌరవం. లేహీలు వాటిని విమానంలో బస్తాలుగా తెప్పించారు. పంది కావాలంటే చిప్ప, దుంపలు కావాలంటే చిప్ప. చిప్పలు పోగయ్యే కొద్దీ వాటి విలువ దిగజారింది. తరాలుగా వచ్చిన ఇచ్చిపుచ్చుకోలు కొన్నేళ్లలోనే తారుమారైంది. ఆ దేశం ఇవాళ తన రూపాయికి 'కీనా' అని ఆ చిప్ప పేరే పెట్టుకుంది.

మైకేల్ లేహీ చేతిలో లైకా కెమెరా ఉండేది. ఐదు వేల దాకా ఫోటోలు తీశాడు, ఫిల్మూ తీశాడు. సినిమా గొప్పదనం ఏమిటంటే, ఆ పాత ఫిల్ముకు పక్కన, యాభై ఏళ్ల తర్వాత ఆ ఊళ్లకే వెళ్లి, ఆ రోజును కళ్లారా చూసిన ముసలివాళ్ల మాటలు పెట్టడం. తెల్లవాళ్లను చచ్చిపోయిన మన పెద్దలే తిరిగొచ్చారనుకున్నామని వాళ్లు నవ్వుతూ చెప్తారు. ఆ వచ్చినవాళ్లు కాలకృత్యాలకు పోయినచోట దాక్కుని చూసి, వీళ్లూ మనలాంటి మనుషులేనని తేల్చుకున్న తీరు కూడా చెప్తారు. ఇంతకంటే శాస్త్రీయమైన పరిశీలన ఏముంటుంది? దూరం నుంచి చూసి ఊహించారు, దగ్గరికి పోయి సరిచూసుకున్నారు. క్రాఫర్డ్ చేసిందీ అదే కదా! తుపాకులతో మనుషులను కాల్చిన సంగతి కూడా సినిమా దాచలేదు. తెల్లవాళ్లతో ఉన్న ఆడవాళ్లు, ఆ కలయికల్లో పుట్టిన పిల్లల గురించీ చెప్పింది. అందుకే మన యువకులు ఈ సినిమా చూడాలంటాం.

కానీ పేరు దగ్గర మాకు అభ్యంతరం ఉంది. 'తొలి పరిచయం' అంటున్నారు, ఎవరికి తొలి? సముద్రపు చిప్పలు వందల మైళ్లు నడిచి ఆ కొండలకు ఎప్పట్నుంచో చేరుతూనే ఉన్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒక భాష నుంచి ఇంకో భాషకు. అంటే వాళ్లకు బయటి ప్రపంచంతో సంబంధం ఉంది, విమానాలవాళ్లతోనే లేదు. సినిమా తీసినవాళ్లు ఇంత చక్కగా విన్నవాళ్లు, పేరు పెట్టేటప్పుడు మాత్రం లేహీ వైపు నిలబడ్డారు.

ముసలివాళ్ల మాట లేకుండా పైనుంచి తీసిన ఫోటో ఒక్కటే మిగిలితే ఏమవుతుందో చూడాలంటే అదే దీవి పడమటి సగానికి పోవాలి. అది అప్పుడు డచ్చి వాళ్ల పాలనలో ఉంది. 1938 జూన్‌లో రిచర్డ్ ఆర్చ్‌బోల్డ్ అనే అమెరికా సంపన్నుడు 'గూబా' అనే నీటి విమానంలో వెళ్తూ బాలియెమ్ లోయను చూశాడు. అక్కడుండేది దానీలు. మైదానం వేసే పని కూడా లేకపోయింది, 3,200 మీటర్ల ఎత్తున ఉన్న హబ్బెమా సరస్సు మీదే విమానం దిగింది. ఆ ఆగస్టులో ఈ యాత్రకు చెందిన గస్తీ దళం ఒక దానీ మనిషిని కాల్చి చంపింది. 1941లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రికలో ఆ యాత్ర గురించి పెద్ద వ్యాసం, అందమైన ఫోటోలు వచ్చాయి. చావును మాత్రం చావని చెప్పకుండా దాటేశారు. ఫోటోల్లో గోడలు కట్టిన తోటలు ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఆ తోటలవాడి శవం కనపడేంత దగ్గరికి ఆ ఫోటో రాదు.

ఇంతదూరం చెప్పాక మన దగ్గరికి వద్దాం.

ఈమధ్య మా ప్రాంతంలో ఒక గ్రామసభలో ఒక సారు రంగుల ప్రింటు ఒకటి గోడకు అంటించాడు. ఉపగ్రహం తీసిన ఫోటో. ఇదిగో ఇక్కడంతా పచ్చగా ఉంది, అంటే 2005 నాటికి ఇది అడవే, మీరు సాగులో లేరు అన్నాడు. అందరం గమ్మున ఉన్నాం. ప్రింటుకు ఎదురు చెప్పడం మాకు రాదు. వెనక కూర్చున్న ఒక అవ్వ లేచి దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించింది. "సారూ, అది అడివి కాదు. మేం పడావు పెట్టిన చేను. అండ్ల నల్లగ కనవడేటివి ఇప్పచెట్లు. ఇప్పచెట్టును మేం నరకం."

పోడు సంగతి తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. రెండు మూడు పంటలు తీసి నేలను కొన్నేళ్లు వదిలేస్తాం. పడావు పెట్టిన చేను పైనుంచి చూస్తే అడవిలాగే ఉంటుంది. చేలో ఇప్ప, తునికి నిలిపితే అదీ అడవే అనిపిస్తుంది. ఇంగ్లండులో గడ్డి కింద మాసిపోయిన గట్టు సాగుకు సాక్ష్యమైంది. మా దగ్గర మూడేళ్ల పడావు సాగు లేదనడానికి సాక్ష్యమైంది. ఫోటో ఏదీ తనంత తాను మాట్లాడదు, చదివేవాడి మాటే మాట్లాడుతుంది.

మన టీచర్లు పిల్లలకు చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఏ కెమెరా, ఏ తేదీ అని అడగాలి. 2003లో పంపిన రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహంలో లిస్-3 అనే కెమెరా ఉండేది. దాని ఫోటోలో ఒక చుక్క అంటే నేల మీద 23.5 మీటర్ల చదరం, అంటే సుమారు ఐదున్నర గుంటలు. అర ఎకరం చేను నాలుగు చుక్కలు కూడా నిండదు. ఇంతకంటే నిశితంగా చూసే కెమెరాలూ అప్పటికే ఉన్నాయి, కాబట్టి ఏది వాడారో తెలియాలి. వానాకాలం ఫోటోలో చేనూ అడవీ ఒకే పచ్చ, ఎండాకాలంలో ఆకు రాలిన అడవి బీడులా ఉంటుంది. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటి సాగు గురించి అడుగుతుంది. ఆ చట్టం నియమాలను 2012లో సవరించినప్పుడు, ఉపగ్రహ ఫోటోను అర్జీదారు ఇచ్చిన ఆధారాలకు తోడుగానే వాడాలి, వాటి బదులుగా వాడకూడదని స్పష్టంగా రాశారు. ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా ఆధారమేనని నియమాల్లో ముందు నుంచీ ఉంది. అంటే అవ్వ వేలికి చట్టంలో చోటుంది.

మొదటి ప్రశ్న ఇక్కడా వేద్దాం. ఈ ఉపగ్రహం ఎక్కడి నుంచి లేచింది? శ్రీహరికోట నుంచి. రిసోర్స్‌శాట్-1 అక్కడి నుంచే 2003 అక్టోబరులో లేచింది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవి అడవిలో తరాలుగా ఉన్నది యానాదులు. చేపలు, దుంపలు, తేనె వాళ్ల బతుకు. 1969లో ఆ దీవిని రాకెట్ల కేంద్రానికి ఎంచుకున్నాక వాళ్లు తమ నేల వదిలి కదలాల్సి వచ్చింది. రాకెట్లు వద్దని మేం అనడం లేదు. తుఫాను ముందే చెప్పి ప్రాణాలు కాపాడుతున్నవి అవే. కానీ ఒక ఆదివాసీ నేల మీద నుంచి లేచిన కన్ను ఇంకో ఆదివాసీ చేనును చూసి ఇక్కడెవరూ లేరంటే, వినడానికి మాకు కష్టంగా ఉంది.

ఆ గ్రామసభ రోజు సాయంత్రం మేం ప్రింటుకు ఒక నకలు అడిగి తీసుకున్నాం. అవ్వను, ఇంకో ఇద్దరు ముసలివాళ్లను కూర్చోబెట్టి దాని మీదే పెన్సిలుతో గుర్తులు పెట్టించాం. ఏ చెలక ఏ ఏడు కొట్టారు, ఎప్పుడు పడావు పెట్టారు, ఏ చెట్టు ఎవరి వాటాది, వాగు పేరేమిటి, కొట్టం ఎక్కడుండేది. మర్నాడు పొద్దున పిల్లలను వెంటేసుకుని ఆ గుర్తులన్నీ నడిచి చూశాం. రెండుచోట్ల అవ్వ పొరపాటు పడింది, అవి దిద్దాం. ఆ కాగితం మీద ముగ్గురి వేలిముద్రలు వేయించి అర్జీతో జతచేసి ఇచ్చాం, అందినట్టు రసీదు తీసుకున్నాం. ఇంకో నకలు బడిలో బీరువాలో ఉంది. అర్జీ సంగతి ఇంకా తేలలేదు. అవ్వ మాత్రం కనపడినప్పుడల్లా ఆ ఫోటో ఇంకొకటి ఇప్పించమంటోంది, తన పుట్టిల్లు కూడా అందులో ఉందేమో చూసుకోవాలట.